ఎనభై వేలు ఎలా పోయాయంటే

బెంగళూరు,
2025 నవంబరు 25, మంగళవారం.

బాబాయ్,

నమస్కారాలు. నేను బాగున్నాను. పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం.

ఆదివారం రాత్రి నువ్వు ఫోన్ చేసి "ఎంత పోయిందిరా?" అంటే "తర్వాత చెప్తా బాబాయ్" అని పెట్టేశాను. పక్కన రూమ్మేట్లు ఉన్నారు. పైగా ఇది ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదు. పోకర్ పేకాటలో పోయింది 80,000 రూపాయలు. శని, ఆదివారాలు రెండూ కలిపి. గెలిచినప్పుడు ఏ ముక్కతో గెలిచానో, ఎదుటివాడు ఏం పారేశాడో పూసగుచ్చినట్టు చెప్పించుకుంటావు కదా, ఓడింది కూడా అలాగే చెప్పాలి. పైగా ఈ ఆట నేర్పమని తమ్ముడు నా వెంట పడుతున్నాడు. నువ్వు చదివాక ఈ ఉత్తరం వాడికీ ఇవ్వు.

ముందు నీ భయం సంగతి తేల్చేస్తాను. ఆ డబ్బు జీతంలోది కాదు, ఇంటి లోనుది కాదు, అమ్మకి పంపేది అసలే కాదు. ఒకటో తారీఖున వెళ్లాల్సినవన్నీ వెళ్లాయి. ఆట డబ్బుకి నాకు వేరే బ్యాంకు ఖాతా ఉందని నీకు తెలుసు. చిన్న బల్ల, అంటే తక్కువ పందేల బల్ల దగ్గర ఇన్నేళ్లుగా వచ్చింది అందులో వేస్తాను, పోయింది అందులోంచే తీస్తాను. జీతం ఖాతా నుంచి అందులోకి రూపాయి కదలదు. ఈసారి పెద్ద బల్ల దగ్గర రెండుసార్లు కూర్చోడానికి 80,000 పక్కన పెట్టి, అది అయిపోతే లేచి రావాలని వెళ్లకముందే కాగితం మీద రాసుకున్నాను. అయిపోయింది, లేచి వచ్చాను. మన వీధిలో పేకాట వల్ల ఎవరి పొలం ఎవరి చేతికి పోయిందో చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణి. ఆ ఇంటి పిల్లలతో కలిసి బడికి వెళ్లినవాణ్ణి. అది మర్చిపోయి ఒక్క ముక్క కూడా ఎత్తను.

నువ్వెప్పుడూ చెబుతావే, సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నేర్పుతో ఆడే ఆట అందని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి మూడు ముక్కలాటతో దీన్ని కలపకూడదందని. పోకర్ విషయంలో అంత స్పష్టత లేదు. ఇక్కడి హైకోర్టు 2013లో, నేర్పుతో ఆడే ఆటగా ఆడితే లైసెన్సు అక్కర్లేదంది. గుజరాత్ హైకోర్టు 2017లో అదే ఆటని జూదం అంది. ఇక ఫోన్లో ఆడేది ముగిసిన కథ. 2023 అక్టోబరు నుంచి వేసిన డబ్బు మీదే 28 శాతం జీఎస్టీ పడింది. ఈ ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మన రాష్ట్రంలో 2020లోనే ఆపేశారు కదా. అందుకని ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఆడడమే. నాకు అదే నచ్చింది కూడా. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది.

పెద్ద బల్ల, చిన్న బల్ల అంటే ఏమిటో చెప్తాను. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా కొంత వేయాలి, వాటిని బ్లైండ్స్ అంటారు. నేను ఎప్పుడూ ఆడేది 50-100, అంటే ఒకరు 50, ఇంకొకరు 100 వేయాలి. అక్కడ 10,000 పెట్టుకుని కూర్చుంటారు. ఈ శనివారం కూర్చున్నది 200-400, అంటే 40,000. ఆట ఒకటే, కట్ట ఒకటే, నియమాలన్నీ ఒకటే. చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. ముందు మూడు తిప్పుతారు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి టర్న్, ఆఖరిది రివర్. ప్రతి దశలోనూ పందెం. ఎదుటివాడు వేసినంత వేస్తే కాల్, పెంచితే రెయిజ్, ఏమీ వేయకుండా ఊరుకుంటే చెక్, ఉన్నదంతా తోస్తే ఆల్ ఇన్, వద్దనుకుంటే ముక్కలు పారేయడం. మధ్యలో పోగైన డబ్బు పాట్. ఏడింట్లో ఎవరి ఐదు ముక్కలు పెద్దవైతే పాట్ వాళ్లది. మారేది చుట్టూ కూర్చున్న మనుషులు.

చిన్న బల్ల దగ్గర ఐదారుగురు ఫ్లాప్ చూస్తారు. ఎవరికీ ముక్కలు పారేయాలనిపించదు, ఉద్యోగాల నుంచి సరదాకి వచ్చినవాళ్లు. అక్కడ రివర్ దగ్గర ఎవరైనా పెద్ద పందెం వేస్తే వాళ్ల దగ్గర నిజంగానే ముక్క ఉన్నట్టు. నమ్మి పారేయొచ్చు. అలా నమ్మి పారేయడం వల్లే నా ఖాతా ఇన్నాళ్లూ పెరిగింది. 200-400లో ఇద్దరు, మహా అయితే ముగ్గురు మిగులుతారు. రెయిజ్ చేస్తే దాని మీద ఇంకో రెయిజ్ వస్తుంది. చేతిలో ఏమీ లేకుండానే, అప్పటికి బల్ల మీద ఉన్నదానికన్నా ఎక్కువ పందెం వేసి నీ కళ్లలోకి చూడగలరు. మంచి ముక్కలొచ్చేదాకా కూర్చుందామంటే గంటకి పడే పంపకాలు పాతికో ముప్పయ్యో. రెండు ఆసులు చేతికి రావడం 221 పంపకాలకి ఒకసారి. కాచుకుని కూర్చుంటే తెల్లారిపోతుంది.

పెద్ద బల్ల ఉన్న గది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక రెండో అంతస్తు. ఎవరూ అరవరు, సిగరెట్టు లేదు, మంచినీళ్లూ టీ ఇస్తారు. డీలర్ వేరే ఉంటాడు, ఆటలో వాడికి చేయి లేదు. కట్ట మార్చినప్పుడల్లా ముక్కలన్నీ బోర్లా పరిచి రెండు అరచేతులతో బల్లంతా తిప్పి తిప్పి కలుపుతాడు. నువ్వు చూడాలి అది. మన క్లబ్బులో కలిపినట్టు కాదు, ఎవరికీ అనుమానానికి చోటు లేదు. ప్రతి పాట్ నుంచీ గది తన వాటా తీసుకుంటుంది, దాన్ని రేక్ అంటారు. ఇంకో నియమం, ముక్కలు చేతిలో ఉన్నంతసేపు అందరికీ అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలి. ఆ రోజు బల్ల దగ్గర తెలుగువాళ్లం ముగ్గురం ఉన్నాం. ఒకరు నెల్లూరాయన, వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. ఇంకొకడు మన తమ్ముడి కన్నా రెండుమూడేళ్లు పెద్దవాడై ఉంటాడు. ఆట మధ్యలో ముగ్గురం ఇంగ్లీషే.

శనివారం పోయిన ముక్క చెప్తాను. నాకు ఏడుల జత పడింది, ఇస్పేటుదీ కళావరుదీ. నా కుడి పక్క రెండు కుర్చీల అవతల ఉన్న గడ్డమాయన 1,200 చేశాడు. నేను కాల్, బ్లైండ్‌లో ఉన్నాయన కాల్. ఫ్లాప్: ఆఠీను రాజు, డైమను ఏడు, ఆఠీను రెండు. నాకు సెట్, అంటే మూడు ఏడులు, కుదిరింది. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో మూడోది తగలడం ఎనిమిది, తొమ్మిదిసార్లకి ఒకసారి. గడ్డమాయన 2,500 వేశాడు, నేను 8,000 చేశాను, బ్లైండ్ ఆయన పారేశాడు. గడ్డమాయన ఆల్ ఇన్ అన్నాడు. నేను కాల్. ఆయన తిప్పినవి ఆఠీను ఆసు, ఆఠీను జాకీ. ఇంకో ఆఠీను పడితే ఆయనకి ఫ్లష్, అంటే ఒకే గుర్తు ముక్కలు ఐదు. పడకపోతే దాదాపు ఎప్పుడూ నేనే గెలుస్తాను. పాట్‌లో 81,400 ఉంది. లెక్క ప్రకారం నాలుగింట మూడు వంతులు నావైపే.

టర్న్ ఆఠీను నాలుగు. అప్పటికీ దారి మూసుకుపోలేదు బాబాయ్. బల్ల మీద ఉన్న రాజు, రెండు, నాలుగు, వీటిలో ఏది మళ్లీ పడి నా మూడు ఏడులకి ఒక జత తోడైనా, నాలుగో ఏడు పడినా నేనే గెలుస్తాను. మిగిలిన 44 ముక్కల్లో అలాంటివి 10. రివర్ ఇస్పేటు రాణి.

ఈ ముక్క గురించి నాకు బాధ లేదు. రేపు అవే ముక్కలు, అదే మనిషి ఎదురైతే మళ్లీ మొత్తం ముందుకు తోస్తాను. అలాంటి చోట డబ్బు వేయడానికి వెనకాడేవాడు ఏ బల్ల దగ్గరా నిలబడడు. లేచి బయట మెట్ల దగ్గర కాసేపు నిలబడి, మిగతా 40,000తో మళ్లీ కూర్చున్నాను. ఆ రాత్రి ముగిసేసరికి అందులో 36,000 ఉంది. వచ్చే దారిలో మారతహళ్లిలో ఆంధ్రా మెస్సు ఇంకా తెరిచే ఉంది. ముద్దపప్పు, ఆవకాయ, వేడన్నం. నెల్లూరాయనా వచ్చారు. అక్కడ కూర్చున్నాక గానీ తెలుగులో మాట్లాడుకోలేదు. "మీరు ఆ సెట్‌తో అంత నెమ్మదిగా ఎలా ఓడారండీ, నేనైతే బల్ల ఎత్తేసేవాణ్ణి" అన్నారు. పెద్దమనిషి. ఆయనకి లెక్కంతా చెప్తే మెచ్చుకున్నారు. మరునాడు నన్ను ఓడించింది ఆయనే.

అది చెప్పాలి, ఎందుకంటే రెండు రోజులుగా నా తలలో తిరుగుతున్నది ఆ ముక్కే. ఆదివారం సాయంత్రం నా ముందు 36,000. నాకు ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాణి. 1,200 చేశాను. బ్లైండ్‌లో నెల్లూరాయన ఒక్కరే కాల్. ఫ్లాప్: డైమను ఆసు, కళావరు తొమ్మిది, కళావరు నాలుగు. ఆయన చెక్, నేను 1,400, ఆయన కాల్. టర్న్ ఆఠీను ఆరు. చెక్, నేను 3,800, కాల్. పాట్ ఇప్పుడు 13,000. రివర్ డైమను రెండు. ఇంతసేపూ చెక్ అంటూ వచ్చిన మనిషి, ముందు తనే 19,500 తోశారు. ఉన్న పాట్‌కి ఒకటిన్నర రెట్లు.

చిన్న బల్ల దగ్గరైతే ఇది ఆలోచించక్కర్లేని సంగతి, పారేస్తాను. ఇక్కడ అలా కుదరదు. లెక్క చూడు. 32,500 గెలవడానికి నేను 19,500 పెట్టాలి. మొత్తం 52,000లో నా వాటా 37.5 శాతం. అంటే నూటికి 38 సార్లు ఆయన దగ్గర ఏమీ లేకపోతే కాల్ చేయడం లాభమే. ఇక ఆయన దగ్గర ఏముండొచ్చు? కళావర్లు రెండు బల్ల మీద ఉన్నాయి, మూడోది పడలేదు. చేతిలో రెండు కళావర్లు పట్టుకుని ఫ్లష్ కోసం చూసినవాళ్లు ఇలాగే ఖాళీ చేతులతో మిగులుతారు. నా చేతిలో కళావరు ఒక్కటీ లేదు, కాబట్టి అవన్నీ ఆయన దగ్గర ఉండడానికి వీలుంది. ఎనిమిది-ఏడు ఉన్నా వరుస కలవక ఖాళీయే. మరోవైపు రెండు జతలు ఉండొచ్చు, సెట్ ఉండొచ్చు, ఐదు-మూడు ఉంటే రెండు నుంచి ఆరు దాకా వరుస పూర్తయినట్టే. అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. అంతకు ముందు గంటలో ఆయన ఒకరి మీద ఇలాంటి పెద్ద పందెమే వేసి, వాళ్లు పారేశాక ఉత్త చేయి తిప్పి చూపించారు. ఆయన చేతుల వైపు చూశాను. ఎడం చేతి బొటనవేలు చిప్స్ దొంతర అంచు మీద ఆగి ఉంది, వణుకు లేదు, తాపత్రయం లేదు. ఊపిరి మామూలుగానే ఉంది. ఆ చేతుల్లోంచి నాకేమీ దొరకలేదు.

కాల్ చేశాను. కళావరు ఐదు, కళావరు మూడు. ఫ్లష్ కోసం ఉన్న మనిషే, నేను అనుకున్నట్టే. ఫ్లష్ రాలేదు, రెండు పడి వరుస కలిసింది. "ఏమనుకోకండి" అన్నారు, ముక్కలు లోపలికి పోయాక, తెలుగులో. నా దగ్గర 10,100 మిగిలింది. ఇంకో అరగంటలో ఆసు-రాజు వస్తే, ఒకరు రెయిజ్ చేసిన దాని మీద అదీ తోసేశాను. అవతల రాణుల జత. దాదాపు సగం సగం, కొంచెం మొగ్గు రాణుల వైపు. ఆసూ పడలేదు, రాజూ పడలేదు.

కాల్ సరైనదేనా? లెక్క సరైనదే. కానీ ఆ లెక్కలో వేసుకున్న అంకెల్లో ఒకటి ముక్కలది కాదు, మనిషిది. నూటికి ఎన్నిసార్లు ఆ నెల్లూరాయన అక్కడ ఉత్త చేతితో 19,500 తోస్తారు? ఒక రాత్రి, ఒక సాయంత్రం చూసి ఆ అంకె చెప్పలేం. అంతకు ముందు చూపించిన ఉత్త చేయి, తర్వాత నాలాంటివాడు కాల్ చేయాలని చూపించిందే కావచ్చు. రమ్మీలో షో అయ్యాక అందరూ ముక్కలు పరుస్తారు, ఎవరు ఏం పట్టుకుని ఆడారో కళ్లముందు ఉంటుంది. నాలుగు ఆటలకి మనిషి అర్థమైపోతాడు. ఇక్కడ పారేస్తే ఎదుటివాడి ముక్కలు ఎప్పటికీ చూడవు, చూడాలంటే డబ్బు కట్టాలి. పెద్ద బల్ల దగ్గర నిజంగా ఖరీదైనది అదే బాబాయ్. అలాంటి మనుషుల ఎదురుగా వందల గంటలు కూర్చోవాలి. ఆ గంటల్లో నేను చూసినట్టి శనివారాలు చాలా వస్తాయి, అవన్నీ తట్టుకునే డబ్బు ఉండాలి. నిలకడగా ఆడేవాళ్లు చెప్పే లెక్క, కూర్చునే మొత్తానికి ఇరవై, ముప్పై రెట్లు పక్కన ఉండాలని. 200-400కి అది 8 లక్షల నుంచి 12 లక్షలు. నా ఆట ఖాతాలో అంత లేదు, జీతంలోంచి అక్కడికి పంపను. కాబట్టి నా చోటు 50-100. ఈ శనివారం అక్కడికే వెళ్తున్నాను. రోజూ నేర్చుకోవాల్సింది అక్కడా బోలెడుంది.

ఇప్పుడు ఆ మూడో తెలుగువాడి సంగతి. తమ్ముడికి చెప్పాల్సింది ఇదే, నా 80,000 కన్నా ఇదే ముఖ్యం. ఆ కుర్రాడికి ఆట వచ్చు. మొదటి గంట నాకన్నా బాగా ఆడాడు. ఒక పెద్ద పాట్ పోయింది. అంతే, మనిషి మారిపోయాడు. ప్రతి పంపకంలోనూ చేయి పెట్టాడు, ముక్కలు పూర్తిగా చూసుకోకుండానే రెయిజ్ అన్నాడు. దీన్ని టిల్ట్ అంటారు. పోయింది పోయినట్టే తిరిగి రావాలనే పట్టుదల. కాసేపటికి ఫోన్ చెవికి పెట్టుకుని "మామా, ఇంకో ఇరవై పంపు, రేపు పొద్దున్నే వేసేస్తా" అనడం విన్నాను. డబ్బు వచ్చిన మోత కూడా వినపడింది. టీ విరామంలో పక్కకి పిలిచి "ఇవాళ్టికి లేచిపో తమ్ముడూ, బల్ల ఎక్కడికీ పోదు, వచ్చే నెల కూడా ఇక్కడే ఉంటుంది" అన్నాను. "మీరు ఆడుతున్నారుగా అన్నా" అన్నాడు. నేను ఆడుతున్న డబ్బూ వాడు ఆడుతున్న డబ్బూ ఒకటి కాదని చెప్పాను. విన్నట్టే తలూపాడు, వెళ్లి మళ్లీ కూర్చున్నాడు. నేను వచ్చేసేటప్పటికి వాడింకా అక్కడే ఉన్నాడు. ఆ పిల్లాడి ఇంట్లోవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో, ఆ రాత్రి ఏమనుకుంటూ పడుకున్నారో అని దారంతా మనసు అటే లాగింది.

తమ్ముడికి నేర్పనని చెప్పను. నేర్పకపోతే వాడు ఇంకెక్కడో, ఇంకెవరి దగ్గరో నేర్చుకుంటాడు. కానీ నేర్పడం నీ ఎదురుగా, మన అరుగు మీద, చింతపిక్కలతో. శాతాలు నోటికి రావాలి, ముక్కలు పారేయడం రావాలి. మంచి జత చేతిలో పట్టుకుని ఓడినా తర్వాతి పంపకం అదే ఓపికతో ఆడడం రావాలి. అవన్నీ వచ్చేదాకా రూపాయి పెట్టకూడదు. వాడి జీతం వాడి చేతికి వచ్చి, ఇంటికి పంపాల్సింది పంపే అలవాటు పడేదాకా ఏ బల్ల దగ్గరా కూర్చోకూడదు. ఇది వాడి చేత నీ ముందు ఒప్పించుకుంటాను. నువ్వూ రమ్మీలో ఎప్పుడు డ్రాప్ కొట్టి తప్పుకోవాలో వాడికి కూర్చోబెట్టి చెప్పు. నాకు నువ్వు నేర్పినదాంట్లో ఎక్కువ పనికొచ్చింది అదే.

పండక్కి శేషాద్రి రైల్లో టికెట్టు దొరికింది. ఇప్పుడు అరవై రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తున్నారు కదా, తెరిచిన పూటే చేసేశాను. భోగి ముందు రోజు తెనాలిలో దిగుతాను. అమ్మకి ఈ డబ్బు సంగతి నేనే చెప్పుకుంటాను, నువ్వు చెప్పకు. అబద్ధం ఆడమని కాదు, నా నోటితో వింటే తనకి భయం తక్కువ.

ఈలోగా ఒక్కటి రాయి. ఆ ఆదివారం ముక్క. బల్ల మీద డైమను ఆసు, కళావరు తొమ్మిది, కళావరు నాలుగు, ఆఠీను ఆరు, డైమను రెండు. నీ చేతిలో ఇస్పేటు ఆసు, రాణి. ఎదుట మంచి మాటకారి, తొందరపడని నెల్లూరు మనిషి 19,500 తోశాడు. నీకు పోకర్ రాదని తప్పించుకోకు, నలభై ఏళ్లుగా ఎదుటివాళ్ల ముఖాలు చదువుతున్నావు. కాల్ చేసేవాడివా, పారేసేవాడివా? ఎందుకో కూడా రాయి.

పిన్నికి నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

ఇట్లు,
నీ పెద్దోడు